ఎదురొచ్చిన గొట్టాన్నే కొలవాలి: ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాల నుంచి కార్బన్ నానోట్యూబుల కొలతలు

తిరుపతిలో ఎండలు ముదిరే నాటికి ప్రాజెక్టు నివేదికలు సమర్పించే గడువు కూడా దగ్గరపడుతుంది. ఆ రోజుల్లో ఎవరో ఒక విద్యార్థి పెన్‌డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికి వస్తూనే ఉంటారు. మొన్న వచ్చిన అమ్మాయి కార్బన్ నానోట్యూబుల ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు రెండు తెరిచి చూపించింది. వాటి మీద పది గీతలు గీసి ఉన్నాయి. "అక్కా, సగటు వ్యాసం 25 నానోమీటర్లు అని రాశాను, సరిపోతుందా?" అని అడిగింది. ఆ పది గొట్టాలను ఎలా ఎంచుకున్నావని అడిగాను. "స్పష్టంగా కనిపించినవి తీసుకున్నాను" అంది.

చిక్కంతా అక్కడే ఉంది. లావుపాటి గొట్టం ప్రకాశంగా, అంచులు తీరుగా కనిపిస్తుంది. సన్ననిది వెనుక చీకట్లో కలిసిపోతుంది. కంటికి నచ్చినవే కొలుచుకుంటూ పోతే ఏ నమూనా అయినా ఉన్నదానికంటే లావుగానే తేలుతుంది. గీత ఎంత జాగ్రత్తగా గీసినా ఈ తప్పు పోదు, ఎందుకంటే అది గీత గీయక ముందే జరిగిపోయింది. ఆ అమ్మాయితో కూర్చుని మొదటి నుంచి మళ్లీ చేయించిన పనినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

కొలవబోయే వస్తువు

కార్బన్ నానోట్యూబు అంటే కార్బన్ పరమాణువుల పొర చుట్టుకుని ఏర్పడిన అతి సన్నని బోలు గొట్టం. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాల్లో ఒక్క వెంట్రుక మందం సుమారు 80 మైక్రోమీటర్లు, అంటే 80,000 నానోమీటర్లు అనుకుందాం. 20 నానోమీటర్ల గొట్టాలను పక్కపక్కన పేర్చితే ఆ వెంట్రుక మందంలో 4,000 పడతాయి. ఒకే పొర గొట్టాలు మామూలుగా 1 నుంచి 2 నానోమీటర్ల వ్యాసంతో ఉంటాయి. బహుళ పొరల గొట్టాలు కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల దాకా ఉంటాయి. వాటిలో పొరకూ పొరకూ మధ్య ఎడం దాదాపు 0.34 నానోమీటర్లు. ఈ అంకెను గుర్తుంచుకోండి, తర్వాత అదే మనకు కొలబద్ద అవుతుంది.

బోలుగా ఉన్న కార్బన్ పోగుల చిత్రాలను 1952లోనే రష్యన్ శాస్త్రవేత్తలు రదుష్కెవిచ్, లుక్యనోవిచ్ ప్రచురించారు. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఈజిమా ఆ పొరలను విడివిడిగా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా చూపించాక ప్రపంచం దృష్టి వీటి మీద పడింది. ఈ రంగం మొదలైందే చిత్రం మీద చేసిన కొలతతో.

మా ప్రాంతపు విద్యార్థులకు కర్పూరం అంటే ప్రత్యేకమైన మక్కువ. కర్పూరపు ఆవిరితో, ఇనుము ఉన్న ఫెర్రోసీన్ అనే రసాయనం ఉత్ప్రేరకంగా, నానోట్యూబులు పెంచవచ్చని ముకుల్ కుమార్, యోషినోరి ఆండో 2003లో చూపించారు. ముడిసరుకు చవక, కొట్లో దొరుకుతుంది. అయితే అది ఆక్సిజన్ చొరని క్వార్ట్జ్ గొట్టంలో, కొలిమిలో జరిగే పని. హారతి పళ్లెం అంచున పట్టిన మసిని గీకి తెచ్చి ఇందులో నానోట్యూబులు ఉన్నాయా అని అడిగిన వాళ్లు ఉన్నారు. అది మామూలు మసి, ఈ కొలతలకు పనికిరాదు.

నమూనా తయారీ

ముందు ఒక జాగ్రత్త. పొడిగా ఉన్న నానోట్యూబులను బల్ల మీద ఆరుబయట కదిలించకండి. బహుళ పొరల గొట్టాల్లో ఒక రకాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఫ్యూమ్ హుడ్‌లో, చేతి తొడుగులూ సరైన మాస్కూ వేసుకుని, వీలైనంత త్వరగా ద్రవంలో కలిపేయండి.

సూది మొన మీద నిలిచేంత పొడి చాలు. దాన్ని 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేసి, ధ్వని తరంగాలతో ఉండలను విడగొట్టే నీటితొట్టి సోనికేటర్‌లో 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. ద్రవం లేత బూడిద రంగులోకి వస్తే సరిపోతుంది, సిరాలా నల్లగా ఉంటే ఇంకా పలచన చేయాలి. ఉండలు విడిపోతాయి కదా అని గంటల తరబడి సోనికేటర్‌లో ఉంచితే గొట్టాలు విరుగుతాయి. వ్యాసం కొలిచేవారికి దానివల్ల పెద్ద నష్టం లేదు. పొడవు కొలిచేవారికి మాత్రం తమ చేత్తో తాము తుంచిన ముక్కల పొడవే అందుతుంది.

శుభ్రమైన సిలికాన్ ముక్క మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. స్టీలు గ్లాసు కింద కాఫీ మరక ఎలా వలయంలా ఆరుతుందో ఈ చుక్క కూడా అలాగే ఆరుతుంది. గొట్టాల్లో ఎక్కువ భాగం అంచుకు చేరి గుంపు కడతాయి, మధ్యలో పలచగా ఉంటాయి. అందుకే అంచు దగ్గరా, మధ్యలోనూ, వాటి నడుమా చిత్రాలు తీయించాలి.

విద్యుత్ వాహకత లేని నమూనాల చిత్రం సరిగా రావడానికి వేసే బంగారు పూత దగ్గర చాలామంది పొరబడతారు. 5 నానోమీటర్ల పూత గొట్టం చుట్టూ పడితే వ్యాసానికి 10 నానోమీటర్లు కలుస్తాయి. 15 ఉన్న గొట్టం 25గా కనిపిస్తుంది. పూత ఎక్కడా ఒకే మందంతో పడదు కాబట్టి తర్వాత 10 తీసివేసి సరిచేసుకుందాం అన్నా కుదరదు. నానోట్యూబులకు విద్యుత్ వాహకత ఉంది, సిలికాన్ మీద పరిచినప్పుడు పూత లేకుండానే చిత్రం వస్తుంది. పాలిమర్‌లో కలిపిన నమూనాకు పూత తప్పకపోతే సన్నగా వేయించి, మందం ఎంతో నివేదికలో రాయండి.

చిత్రాలు తీయించడం

మనలో చాలామందికి యంత్రం చేతిలో ఉండదు. నమూనా వేరే చోటికి పంపుతాం, అక్కడి ఆపరేటర్ తనకు బాగా అనిపించిన నాలుగు చిత్రాలు తీసి పంపుతారు. అందంగా రావాలని తీసిన చిత్రాలు కొలతకు పనికిరాకపోవచ్చు. నమూనాతో పాటు ఒక చీటీ పంపండి. అందులో ఏమి రాయాలో, ఎందుకు రాయాలో చెబుతాను.

చిత్రాలు టిఫ్ రూపంలో కావాలి. జేపెగ్ ఫైలు బరువు తగ్గించుకోవడానికి చిత్రాన్ని 8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి కుదిస్తుంది. మనకు కావలసిన అంచులు ముందుగా చెడేది అక్కడే. చిత్రం కింద సమాచార పట్టీ, కొలత చూపే గీత (స్కేల్ బార్) అలాగే ఉండాలి. కొన్ని యంత్రాలు ఒక్కో పిక్సెల్ ఎన్ని నానోమీటర్లో టిఫ్ ఫైలులోనే దాచి ఉంచుతాయి, అది దొరికితే మరీ మంచిది. "50,000 రెట్లు" అని రాసిన అంకెను నమ్మి లెక్క కట్టకండి. అది ఏదో ఒక వెడల్పు కాగితానికో తెరకో కట్టిన లెక్క, మీ ల్యాప్‌టాప్ తెర మీద దానికి అర్థం లేదు.

ఎంత దగ్గరగా తీయాలన్నది పిక్సెళ్లతో తేల్చుకోవాలి. గొట్టం అడ్డంగా కనీసం 10 పిక్సెళ్లు పడాలని నేను పట్టుబడతాను. 20 నానోమీటర్ల గొట్టానికి అంటే ఒక్కో పిక్సెల్ 2 నానోమీటర్లకు మించకూడదు. చిత్రం 1,280 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, అందులో పట్టే దృశ్యం 2,560 నానోమీటర్లు, అంటే సుమారు రెండున్నర మైక్రోమీటర్లు. గొట్టం 5 పిక్సెళ్లే ఉంటే ఒక్క పిక్సెల్ తేడాతోనే కొలత 20 శాతం మారిపోతుంది.

చోటు ఎంచుకునే పని ఆపరేటర్ కంటికి వదలకండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి, ప్రతిసారీ అర మిల్లీమీటరు జరిపి, ఆగిన చోట ఏముంటే అది తీయమని రాయండి. పది పన్నెండు చోట్లు కావాలి. ఫోకస్ సరిచేయడానికి పక్క చోటు వాడుకోమనండి. ఎలక్ట్రాన్ పుంజం ఒకే చోట ఎక్కువసేపు ఆగితే యంత్రంలోని మలినాల నుంచి కార్బన్ అక్కడ పేరుకుని, చూస్తుండగానే గొట్టం లావవుతుంది.

చిత్రాలు రాగానే ఒకటి గమనించండి: ఒక దిక్కుకు సాగిన గొట్టాలు పదునుగా, దానికి అడ్డంగా ఉన్నవి మసకగా ఉంటే ఆస్టిగ్మాటిజం అనే కటకపు లోపాన్ని సరిచేయలేదని అర్థం. ఆ చిత్రాన్ని పక్కన పెట్టండి.

ఎలక్ట్రాన్ పుంజాన్ని నమూనా పైభాగం మీద నడిపి చిత్రం తీసేది స్కానింగ్ మైక్రోస్కోప్, నమూనా గుండా పంపి తీసేది ట్రాన్స్‌మిషన్ మైక్రోస్కోప్. టంగ్‌స్టన్ ఫిలమెంటు ఉన్న స్కానింగ్ మైక్రోస్కోప్‌తో 10 నానోమీటర్ల లోపు గొట్టాల వ్యాసం తేల్చాలని చూడకండి. దాని స్పష్టత అందుకు చాలదు. ఇంకా సన్నని పుంజం ఇచ్చే ఫీల్డ్ ఎమిషన్ స్కానింగ్ యంత్రం గానీ ట్రాన్స్‌మిషన్ మైక్రోస్కోప్ గానీ కావాలి. ఒకే పొర గొట్టాలకు ట్రాన్స్‌మిషన్ మైక్రోస్కోపే శరణ్యం.

స్కేల్ కుదర్చడం

ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో వేన్ రాస్‌బాండ్ దీన్ని తయారుచేశారు. ఫిజీ అనే రూపం దించుకుంటే కావలసిన అదనపు హంగులు చాలావరకు అందులోనే ఉంటాయి.

చిత్రం తెరిచి, స్కేల్ బార్ దగ్గర బాగా పెద్దది చేసి, స్ట్రెయిట్ లైన్ పనిముట్టుతో దాని ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీయండి. మూడుసార్లు గీయండి. 500 నానోమీటర్ల బార్‌కు 403, 401, 402 పిక్సెళ్లు వచ్చాయనుకుందాం. సగటు 402. ఒక్కో పిక్సెల్ 1.244 నానోమీటర్లు. అనలైజ్ మెనూలో సెట్ స్కేల్ తెరిచి పిక్సెళ్ల దూరం దగ్గర 402, తెలిసిన దూరం దగ్గర 500, ప్రమాణం దగ్గర నానోమీటరు అని ఇవ్వండి.

ఆ పెట్టెలోనే కింద గ్లోబల్ అని ఒక గడి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే తెరిచిన అన్ని చిత్రాలకూ అదే స్కేల్ వర్తిస్తుంది. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో నేను ఆ గడి టిక్ చేసి మరచిపోయాను. నా చిత్రాల్లో సగం ఒక పెంపులో, మిగతా సగం దానికి రెట్టింపు పెంపులో ఉన్నాయి. ఏ వ్యాసంతో ఎన్ని గొట్టాలు ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్‌లో 18 దగ్గర ఒక మూపురం, 36 దగ్గర ఇంకొకటి వచ్చాయి. నమూనాలో రెండు రకాల గొట్టాలు పెరిగాయని మూడు వారాలు నమ్మాను. దానికి కారణాలు కూడా రాసుకున్నాను. రెండో అంకె మొదటిదానికి సరిగ్గా రెట్టింపు ఎందుకైందన్న ప్రశ్న ఒక రాత్రి తట్టాక గానీ తప్పు దొరకలేదు. అప్పటి నుంచి ప్రతి చిత్రానికీ స్కేల్ విడిగానే ఇస్తాను. ఇచ్చాక బార్‌ను మళ్లీ కొలిచి 500 వస్తోందో లేదో చూసుకుంటాను.

ఇంకొక మాట: వర్డ్ ఫైలులో అతికించిన చిత్రాన్ని బయటికి తీసి కొలవకండి. పరిమాణం మారిపోయి ఉండవచ్చు. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మీ కంటికి వీలుగా మార్చుకోవచ్చు గానీ అప్లై నొక్కకండి. నొక్కితే పిక్సెళ్ల విలువలే మారిపోతాయి.

ఏ గొట్టాన్ని కొలవాలి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. అనలైజ్ మెనూలో టూల్స్ కింద గ్రిడ్ ఉంటుంది. దాన్ని తెరిచి గీతలు ఎంచుకుని, రాండమ్ ఆఫ్‌సెట్ గడి టిక్ చేయండి. చిత్రం మీద నిలువుగా, అడ్డంగా గీతల వల పరుచుకుంటుంది. అది ఎక్కడ మొదలవ్వాలో మీరు నిర్ణయించరు, కంప్యూటర్ నిర్ణయిస్తుంది.

ఇక నియమం ఒక్కటే. గీతను దాటే ప్రతి గొట్టాన్నీ, దాటిన చోటనే కొలవాలి. సన్ననిదైనా, మసకగా ఉన్నా, వంకర తిరిగినా వదలకూడదు. నచ్చిన గొట్టాన్ని వెతుక్కుంటూ వెళ్లకూడదు, ఎదురొచ్చిన గొట్టాన్ని తప్పించుకోకూడదు. నిజంగా అంచు తెలియని గొట్టం తగిలితే కొలవకుండా "తెలియలేదు" అని లెక్కలో రాయండి. ఆ లెక్క పదింట రెండు దాటితే ఇంకా దగ్గరి చిత్రాలు తీయించుకోవాలని నేను చెబుతాను.

ఈ పద్ధతిలో పొడవైన గొట్టం ఎక్కువ గీతలకు తగులుతుంది కాబట్టి సగటులో దాని వాటా పెరుగుతుంది. అది తప్పు కాదు. నమూనాలో ఉన్న మొత్తం పొడవులో ఏ వ్యాసం ఎంత ఉందో అది చెబుతుంది. నివేదికలో ఆ ముక్క రాస్తే చాలు.

రెండు మూడు గొట్టాలు అంటుకుని కట్టగా ఉంటే అవి ఒకే లావు గొట్టంలా భ్రమ కలిగిస్తాయి. నడిమధ్య పొడవునా సన్నని చీకటి గీత ఉందేమో చూడండి. కట్ట కొసకు వెళ్లి చూస్తే మల్లెపూల దండ దారం పురి విడినట్టు పోగులు వేరవడం కనిపిస్తుంది. కట్టలను వేరే వరుసలో నమోదు చేయండి.

ఒక్క గొట్టాన్ని కొలిచి చూద్దాం

గొట్టానికి సరిగ్గా లంబంగా గీత గీయండి. రెండు వైపులా కాస్త ఖాళీ చోటు కూడా గీతలో పడాలి. గీత వెడల్పును 5 పిక్సెళ్లకు పెంచితే గరుకుతనం సర్దుకుంటుంది. తర్వాత అనలైజ్ మెనూలో ప్లాట్ ప్రొఫైల్ నొక్కండి. గీత పొడవునా వెలుగు ఎలా పెరిగి తగ్గిందో గ్రాఫ్‌లో కనిపిస్తుంది.

ఖాళీ చోట వెలుగు 62, శిఖరం దగ్గర 148 ఉందనుకుందాం. రెండింటి నడుమ సగం 105. గ్రాఫ్ పైకి ఎక్కుతూ 105ను 11.3వ పిక్సెల్ దగ్గర దాటింది. దిగుతూ 27.6వ పిక్సెల్ దగ్గర దాటింది. తేడా 16.3 పిక్సెళ్లు. 1.244తో గుణిస్తే 20.3 నానోమీటర్లు. ఈ ఉదాహరణలో గ్రాఫ్‌ను పిక్సెళ్లలో చదివాను. స్కేల్ ఇచ్చి ఉంటే గ్రాఫ్ నేరుగా నానోమీటర్లలోనే వస్తుంది, అప్పుడు మళ్లీ గుణించకండి.

లావు గొట్టాల్లో గ్రాఫ్ ఒకే గుట్టగా కాక రెండు కొమ్ములతో రావచ్చు. స్కానింగ్ మైక్రోస్కోప్‌లో అంచుల నుంచి ఎలక్ట్రాన్లు ఎక్కువగా వెలువడతాయి, అందుకే అంచులు మెరుస్తాయి. అప్పుడు ఎడమ కొమ్ము బయటి వాలు మీద సగం ఎత్తు నుంచి కుడి కొమ్ము బయటి వాలు మీద సగం ఎత్తు వరకు తీసుకోవాలి. కొమ్ముల శిఖరాల మధ్య దూరం తీసుకుంటే తక్కువ వస్తుంది.

కంటితో అంచు నుంచి అంచుకు గీత గీస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోవచ్చు, కానీ సాయంత్రం అలసిన కన్ను ఉదయం చూసిన అంచును చూడదు. సగం ఎత్తు నియమం ఎవరు కొలిచినా ఒకేలా నిలుస్తుంది. గీసిన ప్రతి గీతనూ ఇమేజ్‌జెలో గీతలను దాచే ఆర్‌ఓఐ మేనేజర్‌లో చేర్చి భద్రపరచండి.

ట్రాన్స్‌మిషన్ చిత్రాలైతే

ఇక్కడ గొట్టం లోపలి బోలు కూడా కనిపిస్తుంది, పొరలు సన్నని సమాంతర గీతలుగా వస్తాయి. ముందు స్కేల్‌ను పరీక్షించుకోవడానికి ఆ పొరలనే వాడండి. పొరలకు అడ్డంగా ప్రొఫైల్ తీసి పది ఎడాలను కలిపి కొలిస్తే 3.4 నానోమీటర్ల దగ్గరగా రావాలి. 3.9 వచ్చిందంటే స్కేల్‌ను అనుమానించండి. మరీ సన్నని గొట్టాల్లో ఈ ఎడం సహజంగానే కొంత పెరుగుతుంది కాబట్టి ఈ పరీక్షకు లావు గొట్టం ఎంచుకోండి. నమూనాను పరిచే లోహపు జాలీ మీద (దీన్ని కూడా గ్రిడ్ అనే అంటారు) బంగారు నానో కణాలు ఉంటే, వాటిలో పరమాణు వరుసల మధ్య ఉండే 0.235 నానోమీటర్ల ఎడం ఇంకా గట్టి సాక్ష్యం.

బయటి వ్యాసం 12.0, లోపలి వ్యాసం 5.2 వచ్చాయనుకోండి. తేడా 6.8, ఒక వైపు గోడ మందం 3.4. దాన్ని 0.34తో భాగిస్తే 10 ఎడాలు, అంటే 11 పొరలు. చిత్రంలో పొరలు లెక్కపెట్టి ఇది సరిపోతోందో చూడండి. ఫోకస్ తప్పిన చిత్రంలో గొట్టం అంచున అదనంగా ఒక నలుపు లేదా తెలుపు గీత వస్తుంది, దాన్ని పొరగా లెక్కపెట్టకండి. ఎలక్ట్రాన్లను వేగవంతం చేసే వోల్టేజి 86 కిలోవోల్టుల ప్రాంతం దాటితే ఎలక్ట్రాన్ల దెబ్బకు కార్బన్ పరమాణువులు ఊడిపోవడం మొదలవుతుంది, అందుకే 80 కిలోవోల్టుల దగ్గర తీయమని అడగండి.

పొడవు

వ్యాసం కంటే పొడవు చాలా మొండిది. చిక్కుపడిన దారం ఉండలో ఒక పోగు పొడవు చెప్పలేనట్టే చిక్కటి నమూనాలో ఒక్క గొట్టం పొడవు చెప్పలేం. పలచగా పరచిన నమూనాలోనే సెగ్మెంటెడ్ లైన్‌తో వంపులు అనుసరిస్తూ కొలవాలి. చిత్రం అంచు దాటి పోయిన గొట్టాలను వదిలేస్తే పొడవైనవే ఎక్కువగా పోతాయి, సగటు పడిపోతుంది. వాటి సంఖ్యను విడిగా రాయండి, లేదా ఇంకా విశాలమైన చిత్రం తీయించండి. గొట్టం 30 డిగ్రీలు పైకి వాలి ఉంటే దాని పొడవు 13 శాతం తక్కువగా కనిపిస్తుంది. వ్యాసానికి ఈ బాధ లేదు, ఎటు వాలినా మారదు.

కంప్యూటర్ చేతే కొలిపించడం

ఎంత వెలుగు దాటితే గొట్టంగా లెక్కించాలో చెప్పే హద్దు (థ్రెషోల్డ్) పెట్టి నలుపు తెలుపుగా మార్చి, లోకల్ థిక్‌నెస్ అనే పనిముట్టుతో మందం తీయవచ్చు. నానో పోగుల కోసమే చేసిన డయామీటర్‌జె అనే ప్లగిన్ కూడా ఉంది. పోగులు విడివిడిగా, నేపథ్యం సమంగా ఉంటే ఇవి నిమిషంలో వేల కొలతలు ఇస్తాయి. కానీ రెండు గొట్టాలు ఒకదానిపై ఒకటి దాటిన చోట లేని లావు పుట్టుకొస్తుంది. థ్రెషోల్డ్ కాస్త జరిపితే వ్యాసం కూడా జరుగుతుంది. అందుకే అదే చిత్రంలో చేత్తో 50 గొట్టాలు కొలిచి రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడనిదే నేను దేన్నీ ఒప్పుకోను.

లెక్క తేల్చడం

200 గొట్టాల సగటు 19.4, ప్రామాణిక విచలనం 5.6 అనుకుందాం. 5.6ను 200 వర్గమూలంతో భాగిస్తే 0.4. 95 శాతం నమ్మకంతో సగటు 19.4కు అటూ ఇటూ 0.8. ఆ వెడల్పు సగానికి తగ్గాలంటే 800 గొట్టాలు కొలవాలి. అంత శ్రమ పడేముందు ఒక్కో చిత్రానికి విడిగా సగటు తీసి చూడండి. చిత్రానికీ చిత్రానికీ తేడా ఎక్కువగా ఉంటే రెండు చిత్రాల్లో 100 చొప్పున కొలవడం కంటే పది చిత్రాల్లో 20 చొప్పున కొలవడం ఎంతో మేలు.

స్కేల్ 3 శాతం తప్పైతే ప్రతి కొలతా 3 శాతం తప్పే. వేలసార్లు కొలిచినా అది తగ్గదు. నానోట్యూబుల వ్యాసాలు తరచూ కుడివైపు తోకతో వస్తాయి కాబట్టి హిస్టోగ్రామ్ తప్పక గీయండి, సగటుతో పాటు మధ్యగతం కూడా ఇవ్వండి. 19.4372 అని రాయకండి, యంత్రానికి అంత చూపు లేదు. మర్నాడు 20 గొట్టాలను పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలవండి, వీలైతే స్నేహితురాలి చేత కూడా కొలిపించండి. ఆ తేడా కూడా ఫలితంలో భాగమే.

నివేదికలో ఇంత రాస్తే చాలు: పూత లేని నమూనా, 10 చిత్రాలు, ఒక్కో పిక్సెల్ 1.24 నానోమీటర్లు, గ్రిడ్ గీతలను దాటిన 200 గొట్టాలు, సగం ఎత్తు దగ్గర కొలత, తెలియనివి 17, కట్టలు 9, ఆ తర్వాత అంకెలు. అసలు టిఫ్ ఫైళ్లనూ, ఆర్‌ఓఐ గీతలనూ ఒకే ఫోల్డరులో పెట్టి మీ గైడుకు ఇవ్వండి. వచ్చే ఏడాది ఇంకెవరో ఆ గీతలను అదే చిత్రం మీద తెరిచి, మీరు కొలిచిన గొట్టాన్నే మళ్లీ కొలవగలగాలి.